బిడ్డకు పన్ను వచ్చే కాలం

మా తండాల్లో ఆరు నెలలు దాటిన బిడ్డ ఏడిస్తే కారణం కోసం ఎవరూ ఎక్కువ వెతకరు. ‘పండ్లు వస్తున్నయి’ అంటారు. ఒళ్లు కాలినా అదే మాట. నీళ్ల విరేచనాలు అయినా అదే మాట. పాలు తాగకపోయినా, రాత్రంతా నిద్ర లేకపోయినా అదే మాట. ఆ మాట అనగానే ఇంట్లో భయం తగ్గుతుంది. తల్లి మరునాడు పత్తి ఏరడానికి పోతుంది. బిడ్డను నానమ్మ చంకకో, ఆ రోజు బడి మానేసిన అక్క చంకకో ఎత్తి పోతుంది.

మేము చౌటుప్పల్, సంస్థాన్ నారాయణపురం చుట్టుపక్కల తండాల్లో పుట్టి, తమ్ముళ్లను చెల్లెళ్లను చంకన మోసి పెరిగినవాళ్లం. హాస్టళ్లలో ఉండి చదువుకున్నాం. మాలో కొందరం ఇప్పుడు పంతుళ్లం, కొందరం పిల్లల తల్లిదండ్రులం. ఎన్నో ఇళ్లలో ఎందరో బిడ్డలకు పళ్లు రావడం చూశాం. చూసినదాన్నీ, చదివి తెలుసుకున్నదాన్నీ పక్కపక్కన పెట్టుకుంటే ఒక సంగతి తేలింది. పళ్లు రావడం జబ్బు కాదు. అది బిడ్డ పెరుగుదల. భయపడవలసింది పన్ను గురించి కాదు. పన్ను వచ్చే కాలంలో మనం బిడ్డ నోట్లో ఏం పెడుతున్నాం, ఏ నీళ్లు తాగిస్తున్నాం, దేన్ని పన్ను మీదికి నెట్టి ఊరుకుంటున్నాం అన్నదాని గురించి భయపడాలి.

ముందు పన్ను సంగతి. మామూలుగా ఆరో నెల దగ్గర కింది చిగురులో నడిమి పళ్లు రెండు కనబడతాయి. ఒక బిడ్డకు నాలుగో నెలలోనే రావచ్చు, ఇంకో బిడ్డకు ఏడాది దాకా రాకపోవచ్చు. ఇద్దరూ బాగున్నట్టే. తర్వాత పైపళ్లు, ఆ తర్వాత పక్కవి. రెండున్నర, మూడేళ్లు నిండేసరికి మొత్తం 20 పాలపళ్లు వస్తాయి. కొందరికి పైపన్ను ముందు వస్తుంది. అలా వస్తే మేనమామకు గండమని మన ఊళ్లలో అంటారు. ఆ మాట తండాల్లోకీ వచ్చింది. ఏ పన్ను ముందు వచ్చినా మేనమామకు ఏమీ కాదు. ఆ భయంతో తల్లిని మాటలనడం మాత్రం మానుకోవాలి.

పన్ను వచ్చేటప్పుడు నిజంగా ఏమవుతుందో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో డాక్టర్లు ఓపికగా చూశారు. 125 మంది పిల్లల తల్లిదండ్రులు రోజూ రెండు పూటలా బిడ్డ ఒంటి వేడి చూసి రాశారు. ఏడుపు, చొంగ, విరేచనాలు, దగ్గు, ఏ పన్ను ఏ రోజు కనబడింది అన్నీ రాశారు. 2000లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. పన్ను బయటపడే రోజుకు నాలుగు రోజుల ముందు నుంచి మూడు రోజుల తర్వాత దాకా బిడ్డ చొంగ ఎక్కువ కారుస్తుంది, దొరికినదల్లా కొరుకుతుంది, చిగురు రుద్దుకుంటుంది, చెవి గుంజుకుంటుంది, చిరాకు పడుతుంది, గట్టి తిండి తగ్గిస్తుంది. ఒళ్లు కొంచెం వెచ్చబడుతుంది. అంతే. పెద్ద జ్వరానికీ, వాంతులకూ, విరేచనాలకూ, దగ్గుకూ పన్నుతో సంబంధం కనబడలేదు.

మరి మన ఇళ్లలో పళ్లు వచ్చే వయసులోనే విరేచనాలు ఎందుకవుతాయి? రెండూ ఒకే కాలంలో వస్తాయి కాబట్టి. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఆమె నుంచి బిడ్డకు వచ్చిన రక్షణ ఆరో నెల నాటికి తగ్గిపోతుంది. అప్పుడే బిడ్డ పాకడం మొదలు పెడుతుంది. మేకలు తిరిగిన వాకిట్లో చెయ్యి ఆనించి, ఆ చెయ్యే నోట్లో పెట్టుకుంటుంది. అప్పుడే మనం గట్కో, జావో, పప్పునీళ్లో మొదలుపెడతాం. గిన్నె, చెంచా, నీళ్లు, మన చేతులు అన్నీ బిడ్డ నోటికి చేరేది అప్పుడే. చిగురు దురదకు ఇంకా ఎక్కువ వస్తువులు నోట్లో పెట్టుకుంటుంది. విరేచనాలు తెచ్చేది ఆ మురికి. నింద మాత్రం పన్ను మీద పడుతుంది.

ఈ నింద వల్ల పోయిన పిల్లలు మా తండాల్లో ఉన్నారు. మా ఇంట్లోనే ఒక బిడ్డ ఆ దాకా పోయి వచ్చింది. మా తమ్ముడి కూతురికి అప్పుడు తొమ్మిదో నెల. పత్తి ఏరే రోజులు. పైచిగురు ఉబ్బి ఉంది. రెండు రోజులుగా నీళ్లలాగా విరేచనాలు. చూసిన ప్రతివాళ్లూ చిగురు చూసి, ‘పండ్లే గదా, వచ్చినంక తక్కువైతది’ అని పోతున్నారు. మా దాదీకి అప్పటికే చూపు సరిగా ఆనదు. బిడ్డను ఒళ్లో వేసుకుని మాడు మీద చెయ్యి పెట్టింది. మాడు గుంట పడి ఉంది. పొట్ట మీద తోలు రెండు వేళ్లతో పట్టి వదిలింది. తోలు వెంటనే కిందికి పోలేదు. పొద్దటి నుంచి మూత్రం పోసిందా అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆమె గోర్‌బోలిలో అన్న మాటను తెలుగులో చెబితే ఇట్లా ఉంటుంది: “నాకు ఎనిమిది మంది పుట్టిండ్రు, ఐదుగురు మిగిలిండ్రు. ఒక పిల్లగానికి గిట్లనే అయింది. పండ్లు వస్తున్నయని అందరన్నరు, నేను గూడ అనుకున్న. పండ్లు రాకముందే వాడు పోయిండు. పన్ను బిడ్డను సంపదు. ఒంట్ల నీళ్లన్ని పోతె సస్తది. దవాఖానకు తీస్కపోండ్రి.”

ఆటో వచ్చే లోపల ఆశమ్మ దగ్గరి నుంచి ఓఆర్ఎస్ పొట్లం తెచ్చి లీటరు నీళ్లలో కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా తాగిస్తూ పోయాం. తల్లి పాలు ఇస్తూనే ఉంది. దవాఖానలో రెండు రోజులు ఉంచారు. బిడ్డ తేరుకుని ఇంటికి వచ్చిన నాలుగో రోజున పైపన్ను కనబడింది. విరేచనాలు ఆగిన తర్వాత వచ్చింది ఆ పన్ను. దాదీ వేలితో తడిమి చూసి ఏమీ అనలేదు.

చదువు లేనివాళ్లం కాబట్టి మనమే ఇట్లా నమ్ముతున్నామని మన పిల్లలు సిగ్గుపడనక్కరలేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1839లో 5,016 మంది చావుకు పళ్లు రావడమే కారణమని సర్కారు పుస్తకాల్లో రాసుకున్నారు. పెద్ద పెద్ద డాక్టర్లు కత్తితో పిల్లల చిగుళ్లు కోసేవారు. పళ్లు వచ్చే పిల్లల కోసమని పాదరసం కలిపిన పొడులు దుకాణాల్లో అమ్మారు. ఆ పొడుల వల్ల పిల్లల అరచేతులు, అరికాళ్లు ఎర్రబారి, నొప్పితో విలవిల్లాడే జబ్బు వచ్చేది. అది పాదరసం వల్లనేనని తెలుసుకుని, బ్రిటన్‌లో ఆ పొడులను 1954లో అంగళ్ల నుంచి తీసేశాకనే ఆ జబ్బు తగ్గింది. 2008లో నైజీరియాలో ‘మై పికిన్’ అనే పళ్ల సిరప్ తాగి 84 మంది పిల్లలు చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసింది. అది మూత్రపిండాలను పాడు చేసింది. ఆ తల్లులు బిడ్డ ఏడుపు ఆపాలనే తాగించారు. వాళ్ల ప్రేమలో తప్పేమీ లేదు. సీసాలో ఉన్నదేమిటో వాళ్లకు తెలిసే దారి లేదు.

మా చౌటుప్పల్ హైవే వెంట మందుల కంపెనీలు వరుసగా ఉన్నాయి. మా తండాల వాళ్లు అందులో కూలికి పోతారు. రోజూ మందుల వాసన పీల్చి ఇంటికి వచ్చేవాళ్లమే అయినా, మందుల దుకాణంలో ‘పండ్లు వచ్చే మందు ఇయ్యి’ అంటే ఏది చేతిలో పెడితే అదే తెచ్చుకుంటాం. అందుకే ఏవి వద్దో పేర్లతో సహా తెలుసుకోవాలి.

చిగురు మీద రాసే జెల్లులు కొన్ని ఉంటాయి. వాటిలో బెంజోకైన్ ఉంటే రక్తం ఆక్సిజన్ మోయలేక బిడ్డ నీలంగా మారే ప్రమాదం ఉంది. 2018లో అమెరికా మందుల సంస్థ రెండేళ్ల లోపు పిల్లలకు అవి అమ్మవద్దని చెప్పింది. లిడోకైన్ ఉన్నవి పన్ను నొప్పికి వాడవద్దని 2014లోనే హెచ్చరించింది. బిడ్డ మింగితే మూర్ఛ రావచ్చు, గుండెకు దెబ్బ తగలవచ్చు. పైగా చొంగతో పాటు జెల్లు కొద్దిసేపట్లోనే కడుక్కుపోతుంది. పళ్ల కోసమని అమ్మే తీపి మాత్రల్లో బెల్లడోనా అనే మొక్క రసం ఉన్నవి ఉన్నాయి. 2017లో అదే సంస్థ పరీక్ష చేసినప్పుడు కొన్ని మాత్రల్లో అది రాసినదాని కన్నా ఎక్కువ ఉన్నట్టు తేలింది. బెల్లడోనా మన ఉమ్మెత్త కుటుంబానిదే. ఉమ్మెత్తకాయ ముట్టిన పిల్లవాణ్ని మనం ఎట్లా కోప్పడతామో తండాలో అందరికీ తెలుసు.

ఇంట్లోనే ఉండే వాటిలో కూడా కొన్ని ఏడాది లోపు బిడ్డకు వద్దు. తేనె మంచిదే గానీ ఏడాది నిండని బిడ్డకు కాదు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి చిన్న పేగుల్లో విషం తయారుచేసి కండరాలను పడిపోయేలా చేస్తుంది. అడవి తేనె అయినా, సీసా తేనె అయినా ఒకటే. గుడ్డ కొసను సారాలో ముంచి చిగురుకు రాస్తే బిడ్డ నిద్రపోతుందని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. అది నిద్ర కాదు, మత్తు. చిన్న ఒంట్లో చక్కెర పడిపోతుంది, ఊపిరి మందగిస్తుంది. నల్లమందు సంగతి చెప్పనక్కరలేదు. వస కొమ్ము రాచి నాకించడం మన చుట్టుపక్కల అన్ని ఊళ్లలోనూ ఉంది. ఎంత అరిగిందో, ఎంత కడుపులోకి పోయిందో కొలత లేదు. రాచిన రాయి శుభ్రమో కాదో తెలియదు. ఆరు నెలల దాకా తల్లి పాలు తప్ప ఏదీ వద్దన్న డాక్టర్ల మాట వసకూ వర్తిస్తుంది.

మెడలో కట్టే వాటి గురించి కూడా చెప్పాలి. నల్ల దారం, తాయెత్తు, పూసల దండ, పన్ను తొందరగా రావాలని వేసే గొలుసు, ఏదైనా సరే ఉయ్యాలలో మెడకు బిగుసుకోవచ్చు. తెగితే పూస గొంతులో ఇరుక్కోవచ్చు. పెద్దవాళ్ల మనసు నొప్పించకుండా చేయాలంటే, తాయెత్తును బిడ్డ మెడలో కాకుండా ఉయ్యాల తాడుకు పైన, బిడ్డ చెయ్యి అందనంత ఎత్తున కట్టమని అడగవచ్చు. మేము మా ఇళ్లలో అట్లానే ఒప్పించాం.

ఇన్ని వద్దన్నాక, మరి ఏం చేయాలి? చేయవలసినవి తక్కువ. అన్నీ ఇంట్లో ఉన్నవే.

అన్నిటికన్నా మంచిది మన వేలు. గోరు కత్తిరించుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని, చూపుడు వేలితో చిగురును ఒకటి రెండు నిమిషాలు మెత్తగా ఒత్తాలి. బిడ్డ మొదట కొరుకుతుంది, తర్వాత ఒత్తనిస్తుంది. రోజులో ఎన్నిసార్లయినా చేయవచ్చు.

రెండోది పాత నూలు గుడ్డ. మెత్తబడిన పాత చీర ముక్కను ఉతికి, మరిగే నీళ్లలో వేసి తీసి, ఎండలో ఆరబెట్టుకోవాలి. కాచి చల్లార్చిన నీళ్లను కుండలో పోసి చల్లబడనిచ్చి, అందులో గుడ్డను తడిపి, పిండి, ముడి వేసి బిడ్డకు అందించాలి. ఒక కొస మన చేతిలోనే ఉండాలి. చల్లదనం చిగురుకు హాయినిస్తుంది. ఫ్రిజ్ ఉన్నవాళ్లు గుడ్డను గానీ స్టీలు చెంచాను గానీ కాసేపు చల్లబరచవచ్చు. గడ్డకట్టిన ఐసు మాత్రం నేరుగా చిగురుకు పెట్టవద్దు, తోలు దెబ్బతింటుంది.

మూడోది కొరకడానికి ఒక వస్తువు. మా దాదీల చేతులకు ముంజేతి నుంచి పైదాకా బలియాలు ఉండేవి. వాళ్ల ఒళ్లో కూర్చున్న బిడ్డ నున్నటి బలియాను పట్టుకుని చిగురుతో కొరికేది. గాజు లాగా గుండ్రంగా, ఒకే ముక్కగా, గొంతులో పట్టనంత పెద్దగా ఉన్న వస్తువు మంచిదని ఇప్పటి డాక్టర్లూ చెబుతారు. అయితే అదే దాదీ కాంచళి మీద అద్దాలు, గవ్వలు, నాణేలు కుట్టి ఉంటాయి. ఫేటియా అంచున పూసలుంటాయి. బిడ్డ కన్ను ముందు వాటి మీదనే పడుతుంది. దారం వదులైన అద్దం ముక్క, రాలిపోయే పూస నోట్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. తీజ్ పండుగ నాడో, పెళ్లి నాడో ఆ బట్టలు కట్టుకుని పళ్లు వచ్చే బిడ్డను ఎత్తుకునేవాళ్లు ముందుగా కుట్లు లాగి చూసుకోవాలి. కొనదలిస్తే ఒకే ముక్కగా ఉన్న గట్టి రబ్బరు చక్రం కొనాలి. లోపల నీళ్లు నింపినవి వద్దు, పగులుతాయి. ఎండిన జొన్న రొట్టె ముక్కను చేతికిచ్చి పనికి పోవడం మా ఇళ్లలో మామూలు. చొంగకు అది మెత్తబడి తునిగి గొంతుకు అడ్డం పడుతుంది. ఇస్తే పక్కన కూర్చుని ఇవ్వాలి.

నాలుగోది తల్లి రొమ్ము. పాలు తాగుతూ బిడ్డ కొరుకుతుందని కొందరు తల్లులు ఈ కాలంలోనే పాలు మాన్పిస్తారు. కొరికినప్పుడు బిడ్డను కొంచెం దగ్గరికి అదిమితే నోరు తెరుస్తుంది. కొద్ది రోజుల్లో మానుతుంది. పాలు మాన్పిస్తే ఆ చోట సీసా వస్తుంది, సీసాతో నీళ్లు వస్తాయి, నీళ్లతో విరేచనాలు వస్తాయి.

చొంగతో గడ్డం, మెడ కింద తోలు ఒరిసిపోకుండా మెత్తటి గుడ్డతో అద్ది, కొంచెం కొబ్బరి నూనె రాయాలి. మిగిలినది ఎత్తుకుని తిప్పడం, జోల పాడడం, రాత్రి వంతులవారీగా మేలుకోవడం. ఈ వంతుల్లో తండ్రి కూడా ఉండాలి. పగలంతా పత్తి చేలో వంగిన తల్లి రాత్రంతా ఒక్కతే మేలుకుంటే, మూడో రాత్రి ఆమె చెయ్యి ఏదో ఒక సీసా మీదికి పోతుంది.

బిడ్డ మరీ తల్లడిల్లితే పారాసిటమాల్ ఇవ్వవచ్చు. కానీ ఏఎన్ఎమ్‌నో డాక్టర్‌నో అడిగి, బిడ్డ బరువును బట్టి ఇవ్వాలి. చుక్కల మందు వేరు, సిరప్ వేరు. చుక్కల్లో మందు చాలా చిక్కగా ఉంటుంది. పక్కింటి సీసా తెచ్చి చెంచాతో కొలిస్తే ఎక్కువై లివర్ దెబ్బతినవచ్చు. సీసా మీద అక్షరాలు చదివి చెప్పే పని ఇంట్లో చదువుకునే పిల్లలది. ఆస్పిరిన్ బిడ్డకు ఎప్పుడూ వద్దు.

ఒంటి వేడి 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4 దాటితే అది పన్ను కాదు. విరేచనాలు మొదలైతే అది పన్ను కాదు. వెంటనే ఓఆర్ఎస్ మొదలుపెట్టాలి. పొట్లం దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు సమతలం చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. టీ చెంచాతోనే కొలవాలి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. విరేచనం అయిన ప్రతిసారీ చెంచాతో నెమ్మదిగా తాగించాలి. పాలు ఆపవద్దు. జింక్ మాత్రలు 14 రోజులు వేయాలి, ఆశమ్మ దగ్గర దొరుకుతాయి. మాడు గుంట పడినా, కళ్లు లోపలికి పోయినా, ఆరు గంటలుగా మూత్రం లేకున్నా, విరేచనంలో రక్తం ఉన్నా, బిడ్డ సోలిపోతున్నా, మూర్ఛ వచ్చినా, మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వచ్చినా తెల్లారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇప్పటిదాకా చెప్పినవి ఏ ఊరికైనా సరిపోతాయి. మా ఊళ్లకు మాత్రమే చెప్పవలసినది ఇంకొకటి ఉంది. అది నీళ్ల సంగతి.

బిడ్డకు పాలపన్ను బయటపడే రోజుల్లోనే చిగురు లోపల పక్కా పన్ను తయారవుతూ ఉంటుంది. ఆరేడేళ్లకు బయటికి వచ్చే ముందరి పళ్ల పైపొర పుట్టిన కొద్ది నెలలకే కట్టడం మొదలై, నాలుగైదేళ్లకు పూర్తవుతుంది. ఏడాది దాటినప్పటి నుంచి మూడేళ్లలోపు కాలం మరీ ముఖ్యం. ఆ కాలంలో బిడ్డ తాగే నీళ్లలో, జావలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఆ పొర సరిగా కట్టదు. పన్ను వచ్చేటప్పటికే దాని మీద సుద్ద మచ్చలు, తర్వాత గోధుమ రంగు గారలు ఉంటాయి. తర్వాత ఎంత తోమినా పోవు.

మా నేల కింద గట్టి నల్లరాయి, గ్రానైటు. వాన నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, రాతిలోని ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. బావులు ఎండి బోర్లు లోతుకు పోయినకొద్దీ ఆ నీళ్లే పైకి వచ్చాయి. మన దేశంలో ఈ జబ్బు గురించి డాక్టర్లు మొదటిసారి రాసింది 1937లో, నెల్లూరు జిల్లాలో. నల్గొండలో నిజాం కాలంలో, 1940లలోనే గుర్తించారు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేసి, దానికి ‘నల్గొండ టెక్నిక్’ అని అప్పటి మా జిల్లా పేరే పెట్టింది. టాంజానియా, ఇథియోపియాల్లోనూ ఆ పేరు తెలుసు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మా నీళ్ల గోస దేశానికి తెలియాలని నల్గొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. 2015 జూన్ 8న తెలంగాణ వాటర్ గ్రిడ్ పైలాన్‌ను చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. తర్వాత దానికే మిషన్ భగీరథ అని పేరు వచ్చింది.

మా వయసువాళ్ల పళ్లు ఆ నల్లాలు రాకముందటివి. హాస్టల్లో ఒక సారు మమ్మల్ని వరుసగా నిలబెట్టి, ‘పండ్లు తోముకోరా మీరు, తండా వాళ్లింతే’ అన్నాడు. మేము బూడిదతో, వేప పుల్లతో, పేస్టుతో, చిగుళ్ల నుంచి రక్తం వచ్చేదాకా తోముకున్నాం. ఫోటో దిగేటప్పుడు పెదవులు మూసుకోవడం, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైంది. మాలో కొందరికి ఇంకా పోలేదు. ఆ మచ్చలు మురికి కాదని, ఏడాదిన్నర వయసులో తాగిన బోరు నీళ్ల గుర్తులని మాకు డిగ్రీకి వచ్చాక తెలిసింది. ఈ పుస్తకం చదివే టీచర్లను మేము కోరేది ఒక్కటే. గార పళ్ల పిల్లను తరగతిలో నిలబెట్టి అడగవద్దు. ఆమె తప్పేమీ లేదని తరగతి అంతా వినేట్టు చెప్పండి.

నల్లా వచ్చింది కదా, ఇంకేం భయం అనవచ్చు. పైపు పగిలిన రోజున, మోటరు కాలిన రోజున, గుట్ట మీది ఇంటికి నల్లా నీళ్లు ఎక్కని రోజున బిందె మళ్లీ బోరు దగ్గరికే పోతుంది. చేను దగ్గర ఉయ్యాల కట్టినప్పుడు బిడ్డకు తాగించేది చేనులో బోరు నీళ్లే. కొందరు కాచి ఇస్తున్నాం కదా అంటారు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. అందుకే మూడు నాలుగేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో ఒక చిన్న బిందెను వేరే పెట్టుకోవాలి. నల్లా నీళ్లు వచ్చినప్పుడు ముందు ఆ బిందె నింపి, మూత పెట్టి, బిడ్డ తాగడానికీ, జావ కాయడానికీ, గుడ్డ తడపడానికీ ఆ నీళ్లే వాడాలి. చేనుకు పోయేటప్పుడు సీసాలో అవే తీసుకుపోవాలి. ఆరు నెలల లోపు బిడ్డకు ఏ నీళ్లూ వద్దు, తల్లి పాలు చాలు. తల్లి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నా పాలలోకి వచ్చేది చాలా తక్కువ. మా ఊళ్లలో తల్లి పాల విలువ ఇంకో రెట్టు ఎక్కువని అర్థం.

నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన దేశపు ప్రమాణం. బోరు నీళ్లు చూసి, రుచి చూసి అది చెప్పలేం. పరీక్ష చేయాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ల దగ్గర పరీక్ష పెట్టెలు ఉంటాయి. 2018 చట్టం తర్వాత మన తండాలు చాలా వరకు పంచాయతీలు అయ్యాయి. సర్పంచులూ మనవాళ్లే. తండాలోని ప్రతి బోరు నీళ్లనూ పరీక్ష చేయించి, ఆ అంకెను బోరు గద్దె మీద రంగుతో రాయించమని గ్రామసభలో అడగవచ్చు. ఎనిమిదో తరగతి పిల్లలు సైన్సు టీచరుతో కలిసి చేయగల పని ఇది.

చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, తండాలో పళ్లు వచ్చే బిడ్డను సగం రోజు ఎత్తుకునేది మీరే. ఎవరైనా ‘పండ్లు వస్తున్నయి’ అంటే కాదనవద్దు. నిజంగానే వస్తూ ఉండవచ్చు. మీరు ఒళ్లు ముట్టి చూడండి, మాడు తడమండి, మూత్రం ఎప్పుడు పోసిందో అడగండి, సీసా మీద ఏం రాసి ఉందో చదవండి. ముసలమ్మలను వెనకబడినవాళ్లని అనుకోవద్దు. తోలు పట్టి వదిలి చూడడం మాకు నేర్పింది ఏ డాక్టరూ కాదు, మా దాదీ. పిల్లలను పోగొట్టుకుని నేర్చుకున్న చదువు అది. దాన్ని ఓఆర్ఎస్ పొట్లంతో కలిపితే ఒక బిడ్డ బతికింది.

ఈ ఏడు మా తండాలో పళ్లు వచ్చే పిల్లలు నలుగురు ఉన్నారు. ఒకరికి కింది పళ్లు రెండు వచ్చాయి, ఒకరికి ఇంకా చిగురే. వాళ్ల ఇళ్లలో చిన్న బిందెలు నాలుగు వేరుగా పెట్టించాం. ఆరేడేళ్లకు వాళ్లు బడిలో ఉండగా పాలపళ్లు ఊడి ముందరి పళ్లు వస్తాయి. ఇప్పుడు మనం ఏ నీళ్లు తాగించామో అప్పుడు వాళ్ల నోట్లో కనబడుతుంది.